జేజి తిత్తికి వారానికో చిల్లు

"అవ్వా, మీ కాలంలో ఆడపిల్లలు సెలవుల్లో ఏం చేసేవాళ్లు? కుట్లూ అల్లికలేనా? ఎదిరించి నిలబడింది ఎప్పుడైనా ఉందా?"

ఏమడిగితివి, మళ్ల చెప్పు. ఎదిరించేదా. నీకు అదే ధ్యాస కదమ్మే శైలా. మొన్న మీ మీటింగుకు నన్నూ పిల్చుకొని పోతివే, ఆడ నువ్వు మైకు పట్టుకొని సంకెళ్లు తెంచాల, సంకెళ్లు తెంచాల అని అరస్తాంటే నా పక్కన కూచున్నామె, ఈ పిల్ల ఎవురు, గొంతు బాగుండాది అనింది. నా మనవరాలే అంటి. గర్వంగానే అంటిలే. కానీ నువ్వు ఇప్పుడు కుట్లూ అల్లికలేనా అన్నావు చూడు, ఆ మాట నాకు నచ్చలే. సూదీ దారంతోనే మేము ఒగ కోట పగలగొట్టినాం. పెనుకొండ కోట కాదు, దానికంటే గట్టిది. చెప్తా ఉండు. ఆ ఫోను అట్లనే పెట్టు, ఎత్తుకొని నా మొగం మీదికి తేవద్దు.

అప్పుడు మేము పెనుకొండలో ఉంటిమి. మా నాయన గుడ్డలంగట్లో గుమస్తా. ముందర మగ్గమే నేసేటోడు, ధర్మవరంలో, మళ్ల కండ్లు సరిగా కనపడక వదిలేసి వచ్చినాడు. మా అమ్మ తమ్ముడు, మా మామ, ఆయప్ప మాత్రం ధర్మవరంలోనే పట్టుచీరలు నేస్తాండె. కొత్త నయాపైసలు వచ్చిన కాలం అది. నాకెట్ల గుర్తంటే, అణాలకూ పైసలకూ లెక్క కుదరక మా అమ్మ దినామూ కూరగాయలామెతో గలాటా పెట్టుకునేది. సరే, అది కాదు నేను చెప్పేది.

మేము ముగ్గురం స్నేహితులం. నేను, ఖాజాబీ, పద్దు. ఖాజాబీ వాళ్ల నాయనది గాజులంగడి. పద్దు అంటే పద్మావతి, భూములుండే పెద్దిండ్ల పిల్ల. ఊర్లో వాళ్ల నాయన ఎదురుగా వస్తే మా నాయన అంగడి మెట్టు దిగి నిలబడేవాడు. ముగ్గురమూ ఎస్సెల్సీ. మా క్లాసులో ఆడపిల్లలు మేమే, ఇంగొగ ఇద్దరేమో, వాళ్లు సగంలోనే మానేసిరి.

మాకొగ అలవాటు ఉండె. దసరా సెలవుల్లో ఒగరికొగరు తెలీకుండా ఏదో ఒగటి కుట్టల్ల. కర్చీపో, పుస్తకానికి గుడ్డ అట్టో, జడకు రిబ్బనో. కొనింది ఇయ్యగూడదు, మిషను మీద కుట్టించింది అసలే ఇయ్యగూడదు. ఇస్కూలు తెరిచిన దినం ఇచ్చుకుంటాం గదా, ఇచ్చినది ముందర చూడం మేము, వెనక్కి తిప్పి చూస్తాం. ముడులు కనపడతాయి గదా వెనకపక్క. ముడులు చక్కగా ఉంటే మనసు పెట్టి కుట్టిందని. ఒగసారి పద్దు ఇచ్చిన కర్చీపు వెనక ముడులు చూసి ఖాజాబీ, ఇదేందే, గొర్రె తోక మాదిరి ఉండాది అనింది. పద్దు ఏడ్చి, ఆ కర్చీపు విప్పి మళ్ల కుట్టి తెచ్చిచ్చింది. అట్లాంటి పిల్ల. చదువూ అట్లనే. తప్పు పోతే మళ్ల చేసేది, వచ్చేదాకా చేసేది.

ఆ యేడు దసరా సెలవులకు రోంత ముందర పద్దు ఇస్కూలుకు రాలేదు. జరమేమో అనుకుంటిమి. మళ్ల తెలిసింది, వాళ్ల నాయన మానిపించినాడని. ఎందుకంటే, ఎవురో సంతకాడ అన్నారంట, ఏమప్పా, నీ కూతురు మొగపిల్లోళ్ల పక్కన కూచొని లెక్కలు చేస్తాందంట గదా అని. అంతే. ఆ ఒక్క మాటకు. సంతలో ఎద్దును బేరమాడుకుంటా ఎవుడో అన్న మాటకు ఒగ పిల్ల చదువు నిలిచిపోయె. నువ్వు పండ్లు కొరకద్దులే ఇప్పుడు, ఆ మనిషి పోయి శానా యేండ్లాయె.

మేమిద్దరం పోయినాం వాళ్లింటికి. వాకిట్లో ఉండే మనిషి, అమ్మాయికి స్నేహితులెవురూ లేరు, పోండి అన్నాడు. అట్ల చెప్పమన్నారంట. పైన కిటికీలో పద్దు కనపడింది. చెయ్యి కూడా ఊపలేదు. ఊపితే ఎవురన్నా చూస్తారని. నేనూ ఖాజాబీ తిరిగొచ్చేసినాం. ఇంటికాడికి వచ్చినాక ఖాజాబీ అనింది, మార్చిలో పరీచ్చ ఉండాది రంగీ, అది రాయకుంటే ఇంగ దానికి చదువు యాడిది అని.

సెలవులిచ్చినారు. నేను రైలెక్కి ధర్మవరం పోయినా, మామ వాళ్లింటికి. పద్దుకు ఈసారి ఏం కుట్టేది, కుట్టినా ఎట్ల ఇచ్చేది, అదే ఆలోచన. మామకు చెప్తే ఆయప్ప మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని, చేతిలో నాడె ఆడించేది ఆపకుండానే, ఆ ఇంట్లో ఎవురి మాట చెల్లుతుందమ్మే అన్నాడు. వాళ్ల నాయన మాట అంటి. మరి వాళ్ల నాయన ఎవురి మాట వింటాడు అన్నాడు మామ. అప్పుడు నాకు తట్టింది. జేజి. పద్దు వాళ్ల నాయనకు అమ్మ.

ఆ జేజి గురించి చెప్పల్ల నీకు. మొగుడు చిన్న వయసులోనే పోతే, బావులు తవ్వించి, చెనిక్కాయలు పండించి, కొడుకును పెంచి ఇంతవాన్ని చేసిన మనిషి. పొద్దున నుంచి సందకాడ దాకా అరుగు మీద కూచొని వక్కాకు నమలడమే. ఆమె నోరు ఖాళీగా ఉండంగా చూసినోళ్లు లేరు. ఆమెకు వక్కాకు తిత్తి కుట్టి ఇస్తే? పిల్లకు ఇచ్చేదాన్ని వద్దంటారు గానీ, ముసిలామెకు ఇచ్చేదాన్ని వాకిట్లో ఎవురు ఆపుతారు?

మామ నాకు పట్టు ముక్కలిచ్చినాడు. చీర మొదలుపెట్టే ముందర రంగు చూసేదానికి రోంత నేస్తారు, అట్లాంటి ముక్కలు. నెమలికంఠం రంగొకటి, కుంకుమ రంగొకటి. జానెడు జానెడు ఉంటాయి, అంతే. వాటిని చీరల మాదిరి మడిచి, పెట్టె అడుగున పెట్టుకొని, రైల్లో ఆ పెట్టె మీదనే కూచొని వచ్చినా.

తిత్తి చూసినావా నువ్వు ఎప్పుడన్నా? ఇప్పుడు యాడుండాయిలే. సంచిలో సంచి, దాంట్లో ఇంగో సంచి. ఆకులకొగ అర, వక్కలకొగటి, లవంగాలకొగటి, పొగాకుకొగటి, సున్నపు డబ్బీకి ఇంగో చిన్నది. పైన తాడు లాగితే అన్నీ ఒగటేసారి మూసుకుంటాయి. ఖాజాబీ వాళ్ల పంచలో కూచొని ఇద్దరం కుట్టినాం. అంచుకు గొలుసు కుట్టు నాది, మధ్యలో చిలక ఖాజాబీది. చిలక కుట్టల్లా, మామిడిపిందె కుట్టల్లా అని రెండు దినాలు కొట్లాడుకుంటిమి. ఖాజాబీ గెలిచింది. ఇంగ పద్దుకు ఒగ కర్చీపు కుట్టి, మూలకు 'ప' అక్షరం పెట్టి, ఆకుల అర అడుగున మడిచి దాచినాం. పైన తమలపాకులు పెట్టినాం. తిత్తి వట్టిగా ఇయ్యగూడదు మా పక్క, ఏదన్నా పెట్టి ఇయ్యల్ల.

పోయినాం. వాకిట్లో మనిషి అడ్డం వచ్చినాడు. మేము పద్దు కోసం రాలేదన్నా, జేజికి ఇచ్చిపోతామంటే అరుగు మీద నుంచి ఆమే, ఎవురే అది, రానీ అనింది. తిత్తి తీసుకొని అటు తిప్పి ఇటు తిప్పి, వెనకపక్క ముడులు కూడా చూసింది.

"కోడి బాగా కుట్టినారు" అనింది.

"అది చిలక జేజీ" అనింది ఖాజాబీ, మొగం మాడ్చుకొని.

"చిలకైతే ఎగిరిపోతాది. కోడయితే ఇంటి కాడ ఉంటాది. కోడే అనుకోనీలే నన్ను."

అంతలోకే పద్దు వాళ్ల నాయన లోపల నుంచి వచ్చినాడు. ఇచ్చినారు గదా, ఇంగ పోండి అన్నాడు. వచ్చేసినాం. పద్దు కనపడనే లేదు. ఖాజాబీకి కోపం, చిలకను కోడి అన్నందుకు. నాకు దిగులు, ఆ కర్చీపు జేజి చూస్తాదో, ఆకుల కింద అట్లనే మురిగిపోతాదో అని.

ఇస్కూలు తెరిచినాక కొన్నాళ్లకు, వాళ్లింట్లో పనిచేసే ఆమె ఇస్కూలు గేటు కాడికి వచ్చింది. మీరిచ్చిన తిత్తి చిల్లు పడిందంట, జేజి శానా కోపంగా ఉండాది, సూదీ దారం తీసుకొని రమ్మనింది అని చెప్పింది. మేము సూదీ దారం తీసుకొని పోయినాం. చూస్తే సున్నం పెట్టే అర అడుగున పట్టు కరిగిపోయుండాది. సున్నం పట్టును తినేస్తాదమ్మే. నూలునైతే ఏమీ చెయ్యదు, పట్టునే తింటాది. మగ్గం కాడ వక్కాకు నమలగూడదని మామ ఎప్పుడూ అరిసేటోడు. ఎర్రగా ఉమ్ముతారని అనుకుంటి నేను. సాలెవాళ్ల ఇంట్లో పుట్టి, ధర్మవరం పట్టులో సున్నం పెట్టుకోమని ఇచ్చినదాన్ని నేనొగతినేనేమో లోకంలో. ధర్మవరంలో మామ పెండ్లానికి, మా అత్తకు చెప్తే పొట్ట పట్టుకొని నవ్వింది. ఇప్పుడు నువ్వు నవ్వు, పరవాలేదు.

పద్దు వాళ్ల నాయన ఆడే కూచొనుండాడు, కరణంతో ఏదో మాట్లాడతా. జేజి అందరూ వినేటట్ల గొంతు పెంచి మమ్మల్ని తిట్టింది. "ఇట్లాంటిది ఇచ్చి నన్ను నలుగురిలో నగుబాటు చేస్తిరి. పోయేది లేదు. ఈడనే కూచొని, నేను చూస్తాండంగా కుట్టండి." అని, లోపలికి తిరిగి, "పద్దూ, వచ్చి వీళ్ల పక్కన కూచో. సరిగా కుడతారో లేదో నువ్వు చూడు. నాకు కండ్లు కనపడవు" అనింది.

పద్దు వచ్చి కూచుంది. నడుము కాడ మా కర్చీపు దోపుకొనుండాది, 'ప' అక్షరం పైకి కనపడేటట్ల.

నేను సూదిలో దారం ఎక్కించలేకపోతి. కండ్లు పద్దు మీదనే ఉండాయి. పద్దే ఎక్కించిచ్చి, తల వంచుకొని, లెక్కల్లో యాడిదాకా అయింది అని అడిగింది. ఎట్లుండావు అని కాదు. లెక్కల్లో యాడిదాకా అయింది అని.

ఆ మరుసటి వారం మళ్ల చిల్లు. ఆ పై వారం ఇంగో చిల్లు. ప్రతిసారీ మమ్మల్ని పిలిపించేది, తిట్టేది, కూచోబెట్టేది, పద్దును కాపలా పెట్టేది. మేము గుడ్డల మూటలో పుస్తకాలు పెట్టుకొని పోయేవాళ్లం. పైన పాత రవిక గుడ్డలు, కింద భూగోళం. ఖాజాబీ కుడతాంటే నేను చెప్పేది, నేను కుడతాంటే ఖాజాబీ చెప్పేది. పద్దు సగం మాటకే అందుకునేది. ఇస్కూల్లో మా టీచరమ్మకు చెప్తే, ఆయమ్మ పద్దు పేరు కొట్టెయ్యకుండా, జబ్బు చేసి ఇంట్లో ఉండాదని పెట్టుకునింది. ఆయమ్మకూ తెలుసు, ఏం జబ్బో.

ఒగ దినం పద్దు వాళ్ల నాయన అడిగేసినాడు. "ఏందమ్మా, వారానికో చిల్లు పడే తిత్తి నీకెందుకు? నేను హిందూపురం నుంచి తోలుది తెప్పిస్తా" అని.

"తోలుది నువ్వు పెట్టుకో. నాకు ఈ కోడి తిత్తే కావల్ల."

"అది చిలక జేజీ" అని ఖాజాబీ. అప్పటికీ వదల్లేదు అది.

ఇంగ వినమ్మే. మాకు సిగ్గయింది, వారం వారం ఇట్ల చిల్లు పడితే. అందుకని సున్నపు అర మొత్తం తీసేసి, మా నాయన పాత పంచె గుడ్డ రెండు మడతలు పెట్టి గట్టిగా కుట్టినాం. నూలు గదా, దాన్ని సున్నం ముట్టుకోదు. ఇంగ చిల్లు పడదు అనుకుంటిమి. అనుకున్నాక భయమేసింది, చిల్లు పడకపోతే మళ్ల ఎట్ల పోయేది అని. కానీ ఆ వారమూ పిలుపొచ్చింది. పోయి చూస్తే నూలు గుడ్డకే చిల్లు. ఖాజాబీ దాన్ని ఎండకు పట్టి చూసింది. సున్నం తిన్న చిల్లు అంచులు మెత్తగా, పొడిపొడిగా ఉంటాయి. ఇది అట్ల లేదు. సూటిగా కోసినట్ల ఉండాది. ఖాజాబీ తలెత్తి జేజి పక్క చూసింది. నేనూ చూసినా. జేజి అడకత్తెరతో వక్క కత్తిరిస్తాండాది. ఆమె మోకాలి పక్కన ఇత్తడి సున్నపు డబ్బీ, మూత గట్టిగా పెట్టి. ఆ డబ్బీ ఎప్పటినుంచో ఆమె కాడ ఉండేదే. డబ్బీలో సున్నం తిత్తికి అంటే పనే లేదు, ఆమే కావాలని పూస్తే తప్ప.

"ఏందే చూస్తాండావు" అనింది జేజి, తలెత్తకుండానే. "కుట్టు. పొద్దు పోతాది."

అరవై యేండ్లు ఆకులకు సున్నం పూసిన మనిషికి తెలీదా పట్టుకు ఏమైతాదో. మేము ఇచ్చిన దినమే తెలుసు ఆమెకు. మాకు మూడు నెలలకు తెలిసింది.

సంక్రాంతి పోయి, చలి తగ్గి, పరీచ్చలు దగ్గరికొచ్చినాయి. ఆ యేడు మాకు పరీచ్చ హిందూపురంలో. ఒగ దినం మేము కుడతాంటే పద్దు వాళ్ల నాయన చెప్పకుండా వెనక నుంచి వచ్చినాడు. ఖాజాబీ మూట లాక్కోబోయింది, దాంట్లో నుంచి భూగోళం పుస్తకం జారి ఆయప్ప కాళ్ల కాడ పడింది. ఆయప్ప పుస్తకం తీసి చూసినాడు.

"ఇదేనా కుట్టుపని?" అన్నాడు.

పద్దు లేచి నిలబడింది. లోపలికి పోలేదు. అది చూడు నువ్వు. ముందరైతే పోయుండేది.

జేజి అడకత్తెర పక్కన పెట్టి, "అదేరా. నేనే చించినా, నేనే పిలిపించినా. వాళ్లనేమీ అనొద్దు" అనింది.

"ఊర్లో ఏమనుకుంటారమ్మా?"

"ఊర్లో ఉండేది నా కండ్ల ముందర పుట్టినోళ్లే గదా. వచ్చి నన్ను అడగమను."

"నేను దాన్ని పరీచ్చకు పంపను."

"నువ్వు పంపొద్దులే. తాడిమర్రి కాడ మన చేను ఎట్ల పోయింది, తెలుసు గదా నీకు? మీ నాయన పోయినాక ఎవురో కాయితం తెచ్చినారు. ఇట్ల ఉండాదమ్మా అని చదివి చెప్పినారు, నేను వేలిముద్ర వేసినా. వాళ్లు చదివింది ఒగటి, ఆడ ఉండేది ఇంగొగటి. నాకు అక్షరం వచ్చుంటే ఆ చేను నీకు ఉండేది. నా మనవరాలు ఇంగొకరు చదివి చెప్పింది వినాల్సిన పని లేదు. నేను హిందూపురం పోతాండా, మా చెల్లెలింటికి. నాకు తోడు పద్దు వస్తాది. నన్ను ఆపుతావా, ఆపు."

ఆయప్ప ఆపలేదు. పుస్తకం అరుగు మీద పెట్టి, మెట్లు దిగి పోయినాడు. విసిరేసి పోలేదు, పెట్టి పోయినాడు. పద్దు అది గమనించింది. మాకు తర్వాత చెప్పింది.

రైల్లో పోయినాం హిందూపురానికి, ముగ్గురమూ, జేజి. వాళ్ల చెల్లెలు సగం కన్నడం, సగం తెలుగు. బన్ని బన్ని అంటా లోపలికి పిల్చి, రాగిముద్దలు, ఉలవచారు పెట్టి, చదువుకోండి అని దీపం మా పక్కకు జరిపేది. జేజి దినామూ మా ఎంబడే వచ్చి, పరీచ్చ జరిగే బడి మెట్ల మీద కూచునేది. ఈడ కూచోగూడదవ్వా అని ఒగ అయ్యవారు వచ్చినాడు. ఆమె తిత్తి తీసి, ఆకు వేసుకుంటావా నాయనా అనింది. ఆయప్ప నిలబడే రెండాకులు నమిలి పోయినాడు. మరుసటి దినం ఆయప్పే ఆమెకు పీట వేయించినాడు. మూడో దినానికి ఇంగో నలుగురు ఆడోళ్లు వాళ్ల పిల్లోళ్ల కోసమని వచ్చి ఆమె చుట్టూ కూచున్నారు. గంట కొట్టి మేము బయటికొస్తే అందరూ లేచి నిలబడేవాళ్లు, మేమేదో కలెక్టర్లమయినట్ల.

ఫలితాలొచ్చినప్పుడు పద్దు ఫస్టు క్లాసు. ఖాజాబీ సెకండు. నేను లెక్కల్లో తప్పినా. ఆ, నవ్వు. మళ్ల సెప్టెంబరులో కట్టి పాసయినాలే. పద్దుకు వారం వారం లెక్కలు చెప్పిందాన్ని నేను, తప్పిందాన్నీ నేనే. పద్దు మళ్ల టీచరు ట్రైనింగు చేసి మడకశిరలో శానా యేండ్లు పనిచేసింది. ఆగు, ముందర స్టేషను కాడ సంగతి చెప్పలే గదా. అదే అసలుది.

పరీచ్చలయి పెనుకొండలో రైలు దిగినాం. దిగితే, పద్దు వాళ్ల నాయన నిలబడుండాడు. ఎద్దులబండి కట్టించుకొని వచ్చినాడు. స్టేషన్లో ఉండేవాళ్లంతా మమ్మల్నే చూస్తాండారు, ఇప్పుడేం గలాటా జరగతాదో అని. నేనూ ఖాజాబీ చేతులు పట్టుకున్నాం. జేజి వక్కాకు నమలడం ఆపేసింది. ఆమె నోరు నిలిచింది నేను చూసింది అదొక్కసారే.

ఆయప్ప వాళ్లమ్మతో మాట్లాడలేదు. పద్దు కాడికి వచ్చి, దాని చేతిలో ట్రంకుపెట్టె తీసుకున్నాడు. పాలేరుకు ఇయ్యలేదు, తనే పట్టుకున్నాడు.

"ఎట్ల రాసినావు?" అన్నాడు.

"బాగా రాసినా నాయనా. లెక్కల్లో ఒగటి వదిలేసినా."

ఆయప్ప పెట్టె ఇంగో చేతికి మార్చుకొని, "ఎందుకు వదిలేసినావు?" అన్నాడు.

కోపంగానే అడిగినాడమ్మే. నిజంగా కోపంగానే. అది విని పద్దు నవ్వేసింది. ఇంగ మేమంతా.

నీకూ అట్లాంటి స్నేహితులు ఉండల్ల తల్లీ. నువ్వు తలుపు లోపల ఉండిపోతే ఏదో ఒగ సాకు పెట్టుకొని వచ్చి తట్టేవాళ్లు ఉండల్ల. నూరేండ్లు చల్లగా ఉండు. బాగా చదువు, యాడ నిలబడినా తల దించొద్దు... ఆ దిండు రోంత ఇట్ల జరుపు, నడుము పట్టేసింది... ఆ, ఖాజాబీ పెండ్లికి మేమేం కుట్టినామో చెప్పలే గదా నీకు, అదొక పెద్ద...